మెడ వెనక

శనివారం ఏడో ఓటమి.
సోమవారం నా షాపుకి సెలవు, బోర్డు మీద రాసే ఉంది.
అయినా తలుపు తోసుకుని వచ్చేశారు,
కత్తిరించడానికి జుట్టే లేనివాళ్ళు కూడా.

నెబ్రాస్కాలో నవంబరు.
మొక్కజొన్న కోతలయ్యాక పొలాలు
సగం గీసి వదిలేసిన గడ్డంలా ఉన్నాయి.
ఊళ్ళో మాట్లాడుకోవడానికి మిగిలింది ఒకటే:
కోచ్ వోస్కాని ఉంచాలా, పంపాలా.

"ఆరేళ్ళిచ్చాం," అన్నాడు లవెర్న్
మెడకి గుడ్డ కట్టించుకుంటూ.
"ఈ ఆరేళ్ళలో మా ఆవిడ రెండు మోకాళ్ళూ మార్పించుకుంది.
రెండూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి.
వీడి డిఫెన్స్ ఒక్కటే నడవదు."

కత్తెర ఆపాను.
నవ్వుతున్న తలని కత్తిరించకూడదు.

లెక్కల మాస్టారు ఆర్లిస్ లేచాడు.
"పనికొచ్చే కుర్రాళ్ళని పెద్ద యూనివర్సిటీలు ఎత్తుకుపోతే
మిగిలిన తాలుతో రొట్టె చెయ్యమంటే ఎలా?
పంపేస్తే రెండేళ్ళ జీతం ఊరికే కట్టాలి.
కాలేజీ లైబ్రరీ కప్పు కారుతోంది,
పోయి చూడండి, పుస్తకాల మధ్య బకెట్లు."

"లైబ్రరీ చూడ్డానికి
తొమ్మిది వేలమంది వస్తారా మాస్టారూ?"

అద్దం పక్కన ఫొటో ఉంది, మూడేళ్ళ కిందటిది.
వోస్కా జనం భుజాల మీద.
అతని ఎడమకాలు పట్టుకుని అరుస్తున్నవాడు లవెర్న్.
నేను చూపించలేదు.
ఆ రోజు ఊరంతా అన్నది, "మనం గెలిచాం."
ఇప్పుడు, "వాడు ఓడాడు."
క్రియ మారితే మారింది,
వాక్యంలోంచి ఊరే లేచిపోయింది.

మనవడి తల కోసం వచ్చిన గెర్డా
అంతవరకూ అల్లిక దించలేదు.
నలభై ఏళ్ళుగా అదే వరస, అదే సీటు.
"మా ఆయన పోయినప్పుడు వోస్కా వచ్చాడు,
చర్చిలో వెనకాల నిలబడ్డాడు, టోపీ చేత్తో నలుపుతూ."
అందరూ తలలూపారు.
"అందుకని ఉంచమనను.
ఒక్క గజం కోసం కూడా భయపడే మనిషి.
మంచివాడే.
మంచివాడని కాదు కదా పెట్టుకున్నది."

ఆ తర్వాత కాసేపు
హీటరొక్కటే మాట్లాడింది.

చివరికి నన్నడిగారు.
"నాకేం తెలుసు ఆట," అన్నాను.
అబద్ధం. ఇదే కాలేజీకి లెఫ్ట్ గార్డుగా ఆడాను,
వానొస్తే ఇప్పటికీ నా భుజం చెబుతుంది.
తెలిసింది ఇంకోటి కూడా ఉంది.
వోస్కా రెండు వారాలకోసారి గురువారం వస్తాడు.
సెప్టెంబరులో అతని ఎడమ చెవి వెనక
పావు డాలరు బిళ్ళంత చోట జుట్టు ఊడింది.
అక్టోబరుకి రెండు బిళ్ళలు.
టోపీ ఎందుకంత కిందకి లాక్కుంటాడో
స్టేడియంలో నా ఒక్కడికే తెలుసు.

గురువారం వచ్చాడు.
బెంచీ మీద నలుగురున్నారు,
నాలుగు తలలూ పత్రికల్లోకి దూరాయి.
లవెర్న్ వంతు.
"నువ్వు కూర్చో కోచ్, నాకేం తొందర," అన్నాడు పేజీ తిప్పుతూ.

గుడ్డ కట్టాను. మూడో బిళ్ళ.
"ఈసారి బాగా పొట్టిగా తీసెయ్," అన్నాడు వోస్కా,
"చాన్నాళ్ళు రావాలి."

నా దువ్వెన ఆగింది.
బెంచీ మీద ఎవరూ పేజీ తిప్పలేదు.

కాసేపటికి పత్రిక వెనకనుంచి లవెర్న్ గొంతు:
"శనివారం గాలి ఎక్కువట.
మనం బంతి విసరకుండా పరిగెత్తడమే మేలు."

మనం, అన్నాడు.

వోస్కా అద్దంలోంచి అతన్ని చూశాడు.
"విసురుతాను," అన్నాడు.

లవెర్న్ మెడ ఎర్రబడింది.
"చూశారా, ఇందుకే..." అని మొదలెట్టి
మిగతాది మింగేశాడు.

నేను పక్క జుట్టు తీసి
ఆ మూడు బిళ్ళల మీదికి దువ్వాను,
ఎంతవరకు వస్తే అంతవరకు.